పాలసముద్రానికి తోడు పెట్టిన గురవక్క

పూర్వం, కృతయుగానికి ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో, వింధ్యకి దక్షిణాన ధేనుగిరి అనే కొండ కింద, దృఢజటుడనే మహర్షి ఒంటికాలి మీద నిలబడి, గాలి మింగుతూ, జడల్లో పిచ్చుకలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, ఆ పిల్లలు పెద్దవై వాటికి మళ్లీ పిల్లలు పుట్టినా తల విదిలించకుండా, నూరేళ్లు ఘోరమైన తపస్సు చేశాడు. ఆ తపస్సు సెగ సత్యలోకానికి ఎగబాకి, బ్రహ్మదేవుడు కూర్చునే తామరపువ్వు రేకులు అప్పడాల్లా ముడుచుకుపోవడం మొదలుపెడితే, ఆ చతుర్ముఖుడు, హంసవాహనుడు, సకల సృష్టికర్త, నాలుగు మొహాల చెమటా తుడుచుకుంటూ దిగివచ్చి, "నాయనా, ఇక చాలు. ఏం కావాలో అడుగు" అన్నాడు.

మహర్షి కళ్లు తెరిచి చేతులు జోడించాడు.

"పితామహా! ఈ లోకంలో మర్యాద లేదు. నిప్పు ఎవరినీ అడగకుండా కాలుస్తోంది. నీరు ఎవరి అనుజ్ఞా లేకుండా పల్లానికి పారుతోంది. విత్తనం పెద్దల మాటైనా తీసుకోకుండా మొలకెత్తుతోంది. ఇంత తపస్సు చేసిన నేనొకణ్ణి ఉండగా, కారణాలు వాటంతటవే కార్యాలను కనేయడమేమిటి? ఈ లోయలో ఏ కారణమైనా సరే, నా అనుమతి లేనిదే ఫలితం ఇవ్వరాదు. ఇదే నా కోరిక."

బ్రహ్మగారి మొదటి మొహం వద్దంది. రెండోది ఆలోచిద్దామంది. మూడోది ఆవులించింది. నాలుగోది ఎండ తట్టుకోలేక "తథాస్తు" అనేసింది. ఒక నోరు అన్నా నాలుగు నోళ్లూ అన్నట్టే లెక్క. వరం ఖాయమైపోయింది.

నిజం చెప్పాలంటే మహర్షి దుర్మార్గుడేం కాదు. రోజూ సూర్యోదయం కాగానే ఆశ్రమం ముందున్న నల్లరాతి మీద నిలబడి, "అగ్ని కాల్చుగాక! జలము పారుగాక! ఆకలి వేయుగాక! తిన్నది అరుగుగాక!" అని వెయ్యిన్ని పదహారు అనుమతులు ఒక్క దమ్మున చదివేవాడు. ఆయన చదివాకే పొయ్యి మీద ఎసరు మరిగేది, గాదెలో ఎలుక పరిగెత్తేది. ఒకరోజు "గోకినచో దురద తగ్గుగాక" అనే వాక్యం పొరపాటున వదిలేస్తే, లోయ మొత్తం సాయంత్రం దాకా గోక్కుంటూనే ఉండిపోయింది. అంతకుమించి ఆయన వల్ల ఎవరికీ కష్టం రాలేదు.

చిత్రమేమంటే, రెండు వానాకాలాలు గడిచేసరికి, ఆయన రాకముందు కూడా నిప్పు కాల్చేదన్న సంగతి జనం మరిచిపోయారు. పొద్దున స్వామి చదవడం, ఆపైన పని జరగడం, రోజూ అదే వరసలో చూసి చూసి, ఆ చదువు వల్లే ఈ లోకం నడుస్తోందని నమ్మేశారు. గేదె ఈనితే ఆశ్రమానికి జున్ను, గుమ్మడికాయ కాస్తే ఆశ్రమానికి గుమ్మడికాయ. పెళ్లయినవాళ్లు పిల్లలు పుట్టడానికి కూడా ఆయన్నే అడగడానికి వెళ్తుంటే, మహర్షి సిగ్గుపడి తలుపు వేసుకున్న రోజులున్నాయి.

ఆ లోయలో అరవై గడపల గొల్లల మంద ఒకటుండేది. వాళ్లకో ఆచారం. ఏ ఇంట్లోనూ తోడు దాచుకోరు. ఉన్న పెరుగంతా ఏ పూటకాపూట చిలికేసి, తోడు కోసం ఒకే ఒక్క ఇంటికి వస్తారు. ఆ ఇంటి ఆడమనిషి తన తల్లి దగ్గర తీసుకున్న తోడుని, ఆ తల్లి తన తల్లి దగ్గర తీసుకున్న తోడుని, ఒక్క రోజు కూడా తెగకుండా నిలుపుకుంటూ, అరవై గడపలకీ గరిటెడు గరిటెడు పంచాలి. మంద మొత్తానికి పెరుగు ఒకే రుచిలో ఉంటే మనుషులు కూడా ఒకే మాట మీద ఉంటారని వాళ్ల పెద్దల నమ్మకం. ఆ కాలానికి ఆ ఇల్లు గురవక్కది. పిడతలో వేలు ముంచి, పాల వెచ్చదనం పట్టుకుని, ఎప్పుడు తోడుకుంటాయో చెప్పగలిగిన మనిషి. నోరు పెద్దది. నవ్వు అంతకన్నా పెద్దది.

ఒక షష్ఠి ఉపవాసం మర్నాడు మహర్షికి మెలకువ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చినా లోయలో పొయ్యిల్లో మంటలు బొమ్మ గీసినట్టు ఊరికే నిలబడ్డాయి. బియ్యం బియ్యంలాగే ఉన్నాయి. జనం ఆశ్రమం ముందు చేరి, స్వామిని లేపాలా వద్దా అని గుసగుసలాడుతుంటే, పాలకుండ నెత్తిన పెట్టుకుని అటుగా వచ్చిన గురవక్క నిలబడి నవ్వింది.

"ఏందిరా ఈ తిరణాల? అన్నం ఉడకటానికి ఆయన లేవాలా? ఉడికేది బియ్యం, ఉడికించేది మంట. మజ్జెన ఈ పెద్దాయనెందుకు?"

ఆ మాట అనడానికి ఎంతసేపు పట్టిందో, తలుపు చాటున అప్పుడే లేచిన మహర్షి చెవిన పడడానికీ అంతే పట్టింది. ఆయన కమండలంతో బయటికి వచ్చి, "గోపకాంతా! ఇటు రా. నీ పాలు తోడుకుంటున్నది నా అనుమతి వల్లనేనని ఇంతమంది ముందూ ఒక్కసారి పలుకు. నీ అపరాధాన్ని క్షమిస్తాను" అన్నాడు.

"నీ కాళ్లకి దణ్ణం పెట్టమను సామీ, పెడతాను. పెద్దోడివి, తపస్సు చేసినోడివి. ఆ మాట మాత్రం అనను."

"ఎందుకు?"

"అబద్ధం గదా. మా అమ్మ తోడేసిన పాలు తోడుకున్నప్పుడు నువ్వింకా గాలి మింగుతున్నావు."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. మహర్షి జడలు దులుపుకుని, అక్కడికక్కడే రాతి మీదికెక్కి ఆనాటి అనుమతులు చదివాడు. "పాలు పొంగుగాక! పాలు విరుగుగాక!" అన్నాడు. "పాలు తోడుకొనుగాక" అనలేదు. ఈ స్త్రీ వచ్చి తన మాట ఒప్పుకునేదాకా ఆ వాక్యం తన నోట రాదని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజు తోడుపెట్టిన పాలు తోడుకోలేదు. మర్నాడూ అంతే. కాచిన పాలు విరిగిపోతున్నాయి, లేదంటే కుక్కల పాలవుతున్నాయి. మజ్జిగ లేక ఎండకి ముసలాళ్లు సొమ్మసిల్లుతున్నారు. వెన్న లేదు, నెయ్యి లేదు, బదులిచ్చి ధాన్యం తెచ్చుకోవడానికి చేతిలో ఏమీ లేదు. అన్నిటికన్నా పెద్ద దిగులు గురవక్క పిడతలో ఉంది. తోడు తోడు నుంచే పుడుతుంది. కొత్త పాలల్లో పడి తిరిగి పుట్టకపోతే రోజురోజుకీ పుల్లబడి, నీరోడి, చచ్చిపోతుంది. అది పోతే మళ్లీ ఎక్కణ్ణించీ రాదు. తొమ్మిదో నాటికి పిడత అడుగున మిగిలింది ఒక్క గరిటెడు.

ఆ మధ్యాహ్నం ఆమె బావగారు, మందకి పెద్ద అయిన సింగబోయుడు, కర్ర తాటించుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"గురవా, ఒక్క మాటమ్మా. అంటే ఏం పోద్ది? నాలిక అరిగిపోద్దా?"

"నాలిక అరగదు బావా. రేపు నా కూతురికి తోడు పెట్టటం ఏమని నేర్పను? పాలు గోరెచ్చగుండాలని చెప్పనా, పెద్దాయన మొహం ఎట్టుందో చూసి పెట్టుకోమని చెప్పనా?"

"నీ తెలివి తగలెయ్య! అరవై ఇళ్లు ఎండుతుంటే నీకు చదువులు గావాల్సొచ్చినయ్యా? రేపు పొద్దుటికి నువ్వెళ్లి ఆ మాట అనకపోతే మంద నిన్నొదిలి పోద్ది. ఆనక నీ ఇష్టం."

ఆయన వెళ్లాక గురవక్క పిడత ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. పోనీ అనేద్దామా అని ఒకసారి అనిపించింది. నోరు తెరిచి ఒంటరిగా అని చూసుకుంది కూడా: "పాలు తోడుకునేది సామి అనుమతి వల్ల." ఆ మాట నోట్లో చెడిపోయిన పాలలాగా తగిలింది. తుపుక్కున ఊసేసి లేచింది.

గోవుల తల్లి సురభి, పాలసముద్రానికి మూలధార అయిన ఆ దివ్యధేనువు, ఏడాదికోసారి వైశాఖ పున్నమి పగటి పూట ధేనుగిరి మీదికి దిగి, తన సంతానాన్ని నాకి, పలకరించి పోవడం ఆ మందలో అందరికీ తెలుసు. ఆ రోజు వైశాఖ పున్నమే. గురవక్క పిడతనీ గరిటనీ కొంగులో కట్టుకుని, కొండెక్కి, సురభి కాళ్లకి మొక్కి, "తల్లీ, చచ్చినోళ్లు వైతరణి దాటేది నీ తోక పట్టుకునేనంట. బతికున్నదాన్ని పాలసముద్రం దాకా వస్తే కాదంటావా?" అంది. సురభి కాదనలేదు. తోక ఇటు విసిరింది.

గురవక్క ఆ తోక పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని తెరిచేసరికి ఎదురుగా పాలసముద్రం. తెల్లటి అలలు, మీగడ కట్టిన ఒడ్డు. నడుమ ఆదిశేషుడి మీద, అలలు మెల్లగా ఊపుతుంటే, శ్రీమన్నారాయణుడు యోగనిద్రలో ఉన్నాడు. పాదాల దగ్గర లక్ష్మీదేవి. కొంచెం అవతల, ఏదో విన్నపం మీద వచ్చి ఎప్పటినుంచో కాచుకుని కూర్చున్న బ్రహ్మదేవుడు.

"ఏమమ్మా, ఎవరు కావాలి?" అంది లక్ష్మీదేవి, గొంతు తగ్గించి.

"సామితో పని తల్లీ. తొందర."

"ఇప్పుడే నిద్రపోయారు. ఒక్క మన్వంతరం ఆగు."

"ఒక్కటంటే ఎన్నాళ్లు?"

"ముప్పై కోట్ల ఏళ్లకి కొంచెం పైన."

"నా తోడు రేపటిదాకా ఆగదమ్మా!" అని గురవక్క జరిగిందంతా చెప్పింది. దృఢజటుడి పేరు వినగానే బ్రహ్మగారి నాలుగు మొహాలూ నాలుగు దిక్కులకీ తిరిగిపోయాయి. అయినా ఆమె ఎటు వెళ్లి నిలబడినా ఒక మొహం ఎదురుపడక తప్పలేదు.

"ఇచ్చిన వరం ఇచ్చినదే" అన్నాడు పితామహుడు గంభీరంగా. "వెళ్లి ఆ మహానుభావుణ్ణి అనుమతి అడుగు."

"తాతా, ఒక్కటి చెప్పు. పాలు తోడుకునేది తోడు వల్లనా, అనుమతి వల్లనా?"

బ్రహ్మగారు గొంతు సవరించుకున్నారు. తోడు వల్లనంటే తన వరం తప్పయిపోతుంది. "అనుమతి వల్లనే" అన్నారు.

"నిజంగా?"

"నాలుగు వేదాల సాక్షిగా."

గురవక్క ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని, చిటికెనవేలు సముద్రంలో ముంచింది. ఆదిశేషుడి వెయ్యి నోళ్ల ఊపిరికి పాలు సరిగ్గా గోరువెచ్చగా ఉన్నాయి. ఇంతకన్నా మంచి పాలు తన జన్మలో చూడలేదనుకుంది. కొంగు విప్పి, పిడత తీసి, గరిట ఎత్తి పట్టుకుంది.

"అయితే ఇక్కడ అనుమతి ఎవరూ ఇయ్యలేదు గదా. ఒలికితే ఏం గాదు గదా తాతా?"

"వద్దు!" అన్నాయి నాలుగు మొహాలూ ఒక్కసారే.

"ఎందుకొద్దు?"

సత్యలోకాధిపతి నాలుగు చేతులూ అడ్డం పెట్టాడు. "ముందు ఆ గరిట దించు. వెనక్కి జరుగు. తరవాత మాట్లాడుకుందాం. ఎవరక్కడ, వరుణుణ్ణి పిలవండి!"

"భయపడుతున్నావే! అంటే నీకూ తెలుసు" అని, సగం తోడు పిడతలోనే ఉంచుకుని, మిగిలిన సగం వంచేసింది.

ముందు ఏమీ కాలేదు. తరవాత ఒడ్డున ఒక అల లేచి, కింద పడడం మరిచిపోయినట్టు అలాగే ఆగింది. దాని వెనకది మెల్లగా వణికి గట్టిపడింది. దేవలోకపు పాలు, దేవలోకపు వేగం. చూస్తుండగానే తెల్లటి నునుపు ఆమడ మేర పరుచుకుంటూ పోయి ఆదిశేషుడి తోక చివర పట్టేసింది. సర్పరాజు తోక లాక్కుంటే రాలేదు. సముద్రం ఊగడం ఆగిపోయింది. ఉయ్యాల ఆగితే పసివాడు లేచినట్టు, జగన్నాథుడు, యోగనిద్రా లోలుడు, కళ్లు విప్పాడు.

"లక్ష్మీ, ఎందుకాగింది?"

"తోడుకుంది స్వామీ" అంది ఆ తల్లి, కొంగు అడ్డం పెట్టుకుని.

వరుణుడు పరుగున వచ్చి అడ్డంగా గట్టు కట్టాడు కాబట్టి సరిపోయింది. గట్టుకి అవతల తోడుకున్నదే దధిసముద్రమని పెద్దలు చెబుతారు. ఆదిశేషుడి తోక విడిపించడానికి మాత్రం చాలా తంటాలు పడ్డారు.

బ్రహ్మగారు అవమానంతో ఊగిపోతూ, "పరంధామా! ఈ స్త్రీ నా వరాన్ని ధిక్కరించింది. శిక్షించాలి" అన్నారు.

"ఏమంటావమ్మా?" అన్నాడు విష్ణుమూర్తి, ఒక మోచేతి మీద ఒరిగి.

"ధిక్కరించాను సామీ. ఇంకా ధిక్కరిస్తాను. ఈ తాత వరం నాకు అర్థం గాలేదు, చెప్పించు. అనుమతి లేందే ఏ కారణమూ ఫలం ఇయ్యకూడదని గదా వరం? మరి ఆ పెద్దాయన 'కానీ' అంటాడు. ఆ మాట కూడా ఒక కారణమే గదా. అది పనిచెయ్యాలంటే దానికో 'కానీ' కావాలా, వద్దా?"

"కావాలి" అన్నారు బ్రహ్మగారు, అనుమానంగా.

"ఆ 'కానీ'కి?"

"ఇంకొకటి."

"దానికి?"

బ్రహ్మగారు వేళ్లు లెక్కపెట్టసాగారు. నాలుగు చేతుల వేళ్లూ అయిపోయాయి. కాళ్లవి కూడా అయిపోయాయి. చివరికి తలలన్నీ వంచుకుని, "నాకు మొదట్లోనే అర్థమైంది, స్వామీ. ఆ వరం తనంతట తాను ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఇచ్చినవాడి పరువు పోతుందని, రోజూ పొద్దున్నే వెనక చెయ్యి వేసి నేనే తోస్తున్నాను" అని ఒప్పుకున్నారు.

విష్ణుమూర్తి నవ్వితే వైకుంఠం దాకా వినబడింది. "వరం వెనక్కి తీసుకోనక్కరలేదు. అక్షరం మారకుండా అలాగే ఉండనీ. నువ్వు తోయడం మానెయ్యి, చాలు." తరవాత ఆయన నవ్వు ఆగింది. పద్మాల్లాంటి ఆ కళ్లు గురవక్క మీద నిలిచాయి.

"అమ్మా, ఒకటి ఆలోచించుకో. నువ్వు అడుగుతున్నది నియమం. నియమానికి దయ ఉండదు. నువ్వు మంచిదానివని తెలిసి నిప్పు చల్లబడదు. నువ్వు ఏడుస్తున్నావని విరిగిన పాలు అతుక్కోవు. అనుమతిచ్చేవాడు ఒకడుంటే కనీసం బతిమాలుకోవచ్చు. నియమాన్ని బతిమాలలేవు. అయినా కావాలా?"

గురవక్క ఒడ్డున గట్టిపడ్డ అల అంచు గోటితో గీస్తూ ఉండిపోయింది.

"నా మొగుడు ఏరు దాటుతా కొట్టుకుపోయాడు సామీ" అంది చివరికి. "మంచోడు. ఈత వచ్చినోడు. నీళ్లకి అదేం పట్టలేదు. నేను ఏటి గట్టున కూసోని నిన్ను తిట్టని తిట్టు లేదు. నీకు వినపడలా, నిద్రలో ఉన్నావు. ఆ తరవాత వచ్చి చూసుకుంటే, కొండ మీద మబ్బు నల్లగుంటే మూడు ఘడియలకి ఏరు పొంగుద్దని తెలిసింది. ప్రతిసారీ అంతే. అప్పట్నించి మా మందలో ఒక్కడు కూడా ఏట్లో పోలేదు. నీళ్లు మనిషి మనిషికీ ఎవర్నో అడిగి ముంచుతా ఉంటే, నేనేం చూసి నేర్చుకుందును? బతిమాలటం ఒక్కటే నేర్చుకుందును."

లక్ష్మీదేవి కళ్లు తుడుచుకుంది. నారాయణుడు లేచి కూర్చుని, "వరం కోరుకో" అన్నాడు.

"వరాల వల్లే గదా ఈ గోలంతా! నాకొద్దు."

"నా దాకా వచ్చినవాళ్లు వట్టి చేతులతో పోకూడదమ్మా. అది మా ఇంటి నియమం. నియమాలు నువ్వు అడిగినవే."

గురవక్క మొదటిసారి ఓడిపోయి నవ్వింది. "అయితే విను. పాలకీ తోడుకీ, బియ్యానికీ మంటకీ, మబ్బుకీ ఏటికీ మజ్జెన ఇంకెవడూ దూరకూడదు. ఎవడు ఎన్నేళ్లు ఒంటికాలి మీద నిలబడ్డా సరే. నువ్వైనా సరే."

"నేనైనా సరే. తథాస్తు" అన్నాడు ఆ సర్వలోకేశ్వరుడు.

గురవక్క మళ్లీ సురభి తోక పట్టుకుని ఇల్లు చేరింది. మర్నాడు పొద్దున మహర్షి రాయెక్కేటప్పటికే లోయలో పొగలు లేస్తున్నాయి. ఆయన నోరు తెరవకముందే నిప్పు కాల్చేసింది, నీరు పారేసింది. ఆయన కంగారుపడి గురవక్క గుడిసె దగ్గరికి వచ్చేసరికి, ఆమె కొత్త కుండలో పాలు కాచి, దించి, వేలు పెట్టి చూసి, పిడతలో మిగిలిన ఆ కాస్త తోడూ వేసి మూత పెడుతోంది. మంద మొత్తం చుట్టూ నిలబడి ఉంది.

"తోడుకొనకుండుగాక!" అని గర్జించాడు మహర్షి.

"అట్టాగే అనుకుంటా కూసో సామీ, సాయంత్రం దాకా. చాప వేస్తాను."

ఆయన నిజంగానే కూర్చున్నాడు. పూటంతా కుండని శపిస్తూనే ఉన్నాడు. పొద్దు వాలాక గురవక్క మూత తీసి, లోపలికి ఒకసారి చూసి, కుండని రెండు చేతులా ఎత్తి, సరిగ్గా మహర్షి తల మీద బోర్లించి పట్టుకుంది. సింగబోయుడు "అమ్మో!" అని కర్ర వదిలేశాడు. మహర్షి కళ్లు మూసుకున్నాడు. నూరేళ్ల తపస్సులో అంత గట్టిగా ఎన్నడూ మూసుకోలేదు.

పెరుగు కదల్లేదు. కుండలోంచి ఒక్క చుక్క తేట మాత్రం జారి ఆయన ముక్కు మీద పడి, పెదవి మీదికి వచ్చింది. ఆయన నాలుకతో అందుకున్నాడు. అరవై గడపల గొల్లలూ ఊపిరి బిగబట్టారు.

మహర్షి కళ్లు తెరిచి పైకి, తన తల మీద తలకిందులుగా వేలాడుతున్న ఆ తెల్లటి గడ్డని చాలాసేపు చూశాడు. లోకానికి ఆజ్ఞలు తప్ప ఇంకేమీ ఇవ్వని ఆ నోటి నుంచి అప్పుడు, ఎంతో మెల్లగా, ఒక ప్రశ్న వచ్చింది.

"అమ్మా, తోడు ఎంత వేశావు?"

గురవక్క కుండ దించి, ఆయన పక్కనే చాప మీద కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.

ఈ గురవక్క కథని భక్తితో విన్నవారి ఇంట పెరుగు రాయిలా గడ్డకడుతుంది. విననివారి ఇంట కూడా కడుతుంది. నమ్మనివారికీ, నవ్వినవారికీ, మధ్యలో లేచిపోయినవారికీ కడుతుంది. పాలు గోరువెచ్చగా ఉండాలి, అంతే.